పాదాల దగ్గర వెలుగు

లా పాల్మా కొండకొమ్ము మీద పొద్దున పదకొండు.
మబ్బులన్నీ మాకంటే కిందే,
పొంగిన పాలు గిన్నె అంచున ఆగినట్టు.
దుర్భిణి గది చల్లగా, చీకటిగా ఉంది.
ఇదాఫె ఫ్లాస్కు మూత తిప్పుతూ అన్నాడు:
"ఈ మచ్చ ఇవాళ ఊరుకునేట్టు లేదు."

మూడు రోజులుగా చూస్తున్నాం దాన్ని.
పిండిన దుప్పటి మెలికల్లా
అయస్కాంత రేఖలు ఒకదాన్నొకటి చుట్టుకుని
విదిలించుకునే దారి లేక
బిగుసుకుని, ఇంకా బిగుసుకుని

తెగాయి.

తెగడం మేం చూడలేదు.
ఎక్కడో పైన, కరోనాలో, దాదాపు ఏమీ లేని చోట
తెగిన కొసలు వేరే కొసలతో ముడిపడతాయి.
ఆ ముడి విసిరికొట్టిన ఎలక్ట్రాన్లు
తోరణం రెండు కాళ్ళ వెంటా
కిందికి, తలకిందులుగా, ఒకటే పరుగు.
మాకు కనబడేది పాదాలే.
ఎర్రటి తెర మీద రెండు చారలు
రాత్రంతా ఆగకుండానే
గోరింటలా పండిపోయాయి.

దెబ్బ తిన్న నేల ఊరుకుంటుందా?
కోటి డిగ్రీలకు కాగి
దెబ్బ వచ్చిన దారినే పైకి లేస్తుంది,
ఖాళీ తోరణాన్ని నింపుకుంటూ.
ఉపగ్రహం పంపిన వర్ణపటంలో
ఒక గీత నీలం వైపు జరిగింది.
నీలానికి జరిగితే మనవైపు వస్తోందని లెక్క.
ఇదాఫె ఆ గీత మీద వేలు పెట్టాడు,
గాజు మీద ముద్ర పడేట్టు.
తెరను ముట్టుకోవద్దని రోజూ చెప్పేదాన్ని
ఏమీ అనలేదు.

"తోదోకేలో మా ఇంటికి
నిప్పు కిందనుంచి వచ్చింది" అన్నాడు.
"అమ్మ కుట్టుమిషను, పడమటి గోడ,
అరటి గెలలకు తొడిగే నీలం సంచులు.
ఐదు రోజులు నడిచొచ్చింది లావా,
ముసలావిడ నడక కంటే మెల్లగా.
అయినా తాళం వేసే వచ్చాం."
జేబు తట్టి చూసుకున్నాడు.

తెర మీది మంట ఎనిమిది నిమిషాల కిందటిది.
దాంతోపాటే వచ్చిన కిరణాలకి
దూరం వెళ్ళిన పడవల్లో
రేడియోలు మూగబోయుంటాయి.
ఎవరో ఒక జాలరి
పెట్టెను అరచేత్తో చరుస్తూ
బ్యాటరీని తిడుతుంటాడు.

మధ్యాహ్నానికి తోరణాలు చల్లారసాగాయి.
పైకెక్కిన వేడి చిక్కబడి, చుక్కలై,
వంపు వెంట జారి
లేచిన చోటికే రాలింది.
దాన్ని మేం వాన అనే అంటాం.
ఒక్కో చుక్కలో ఈ దీవి
నాలుగైదుసార్లు పడుతుంది.

ఇదాఫె పుస్తకంలో సమయం వేసి
పక్కన "వాన" అని రాశాడు.
కలం ఎత్తకుండా కాసేపు ఉండి, అన్నాడు:
"నాన్న కూడా తోట పుస్తకంలో ఇలాగే రాసేవాడు.
మిల్లీమీటర్లు కూడా వేసేవాడనుకో."