నెమరు

నేను లెక్కల సారును. దేవరకద్ర జెడ్పీ బడి, తొమ్మిది 'బి'.
శనివారం ఆఖరి పీరియడు నాకంటగట్టిన్రు:
పిల్లలకు మాట్లాడుడు నేర్పాలెనట.
నలభై రెండు నోళ్లున్న క్లాసుకు
మాట్లాడుడు నేర్పుడేంది?

బోర్డు మీద ఒక్కటే వాక్యం రాసిన:
"నువ్వు జెప్పింది నాకిట్ల ఇనవడ్డది. నిజమేనా?"
జవాబియ్యక ముందు ఇది అనాలె. అంతే.
ఇన్న మాట మింగకుర్రి, జర నెమరెయ్యుర్రి, అన్న.

వెనక బెంచి నుంచి అంజిలప్ప:
"ఎవరన్న అదిలిస్తె గొర్రె నెమరాపుతది సార్."
క్లాసంత నవ్వింది.
భీమేశ్ ముక్కు మూసుకున్నడు:
"అందుకే వీని దగ్గర గొర్ల కంపు."

నవ్వు ఆగేదాక ఆగిన.
అంజిలప్ప డెస్కు మీది పాత గీతను గోరుతోటి గీకుకుంట
"రాత్రి మా నల్లగొర్రె ఈనింది.
పిల్ల వానల తడిసింది. అంగి ఇప్పి చుట్టిన.
బడికి గీ అంగే ఉన్నది."

భీమేశ్ వంతు.
"నువ్వు జెప్పింది నాకిట్ల ఇనవడ్డది..."
పాఠం అప్పజెప్పినట్టు మొదలువెట్టి
నడుమల ఆగిండు.
"నువ్వు రాత్రంత పండలే."
అంజిలప్ప ఆ మాట అననే లేదు.
"నిజమేనా" అనుడు మర్శిపోయి
"పిల్ల బతికిందా?" అనడిగిండు.

"ఊఁ. ఇంక లేశి నిలవడలే."

ప్రశ్నల లేని జవాబు రాస్తె నేను సున్న ఏస్త.
గా దినం ఏమెయ్యాల్నో తోచలే.

సోమారం.
శివలీల మల్ల ఆలస్యం. "బస్సు..." అన్నది.
"రోజూ బస్సేనా?"
నా గొంతు గేటు దాక పోయింది.
ఆ పిల్ల చూపు చెప్పుల మీదికి దిగింది.
ఇంకేదో అనబోయి మింగింది.

మూడో వరుసల తస్లీమా లేశి నిలవడ్డది.
కాళ్లు వణుకుతున్నయి. గొంతు వణుకుత లేదు.
"సార్, శివలీల జెప్పింది
మీకెట్ల ఇనవడ్డది?"

ఫ్యాను తిరుగుతున్నది.
బోర్డు మీద శనివారం వాక్యం సగం చెరిగి
"నువ్వు జెప్పింది నాకు" దాకనే మిగిలింది.
నలభై రెండు నోళ్లు మూసుకొని
ఎనభై నాలుగు చెవులు నా దిక్కు.

"బస్సు అన్న మాటొక్కటే ఇనవడ్డది," అన్న.
"మిగిలింది నేనే అదిలించిన."

అంజిలప్ప తల ఎత్తలే. నవ్విండు కావచ్చు.

చాక్‌పీసు బల్ల మీద వెట్టి
శివలీల బెంచి కొసకు కూసున్న.
చానసేపు ఆ పిల్ల చెప్పుల దిక్కే చూసింది.
గంట గొట్టిన్రు.
ఎవరూ లేవలే.