అరచేతి మేర

ఆదివారం పొద్దున్నే రెండు బకెట్లు దించాను.
ఒకదాంట్లో షాంపూ, ఇంకోదాంట్లో ఉత్త నీళ్లు.
జ్ఞానాపురంలో కారంటే
రాత్రి నీలంగా పడుకుని
పొద్దున బూడిదరంగులో లేచేది.
పోర్టు వైపు నుంచి గాలి తిరిగిందా,
దండెం మీది చొక్కాకీ బానెట్‌కీ ఒకటే రంగు.

కడిగాక అరచేత్తో తడిమితే
ఇంకా గరగర.
కంటికి దొరకని ఇనుము.
క్లే ముద్దతో మెల్లగా లాగాను.
ముద్ద తుప్పురంగుకి తిరిగింది,
కారు నున్నబడింది.

పాలిష్ డబ్బా మూత తిప్పుతుంటే
కింది వాటా గురునాయుడు గారు,
షిప్‌యార్డులో ముప్ఫై ఏళ్లు రంగులేసిన మనిషి,
టీ గ్లాసుతో వచ్చి నిలబడ్డారు.

"ఏటి బాబూ అది?"
"మెరుపు కోసమండీ."
"అది మెరుపు ఎక్కించదు. తోలు తీస్తాది.
గీత ఎంత లోతుందో
చుట్టూ అంతా అంత లోతుకి దించేస్తాది.
ఉన్నదే ఉల్లిపొర. ఎన్నిసార్లు తీస్తావు?"

టార్చి వేసి చూశాను.
సాలెగూళ్లలా సన్నటి గీతలు.
ఏడాదిగా పొడిగుడ్డతో దులిపింది
నేనే.

అయినా మనసాగక
అరచేతి మేర ఒక్కచోట రుద్దాను.
ఆ ముక్కలోకి కరెంటు తీగలతో సహా ఆకాశం దిగింది.
పక్కనున్నదంతా
నిమిషం కిందటి కన్నా పాతదైపోయింది.

మూత బిగించాను.
మైనం పూసి వదిలేశాను,
ఉప్పుగాలి ముందు దాన్ని తినాలి కదా.

ఆ ముక్క అలాగే ఉంది.
వద్దన్న గురునాయుడు గారే
రోజూ పాలకెళ్తూ అక్కడ ఆగి
మీసం సర్దుకుంటారు.