మోచేతి తడి

ఈసాఫ్యోర్దూర్‌లో రెండు నెలలు సూర్యుడు కొండ దాటి రాడు.
జనవరి చివర్లో ఓ మధ్యాహ్నం
వీధి మలుపులో కాసేపు కనబడి పోతాడు.
ఆ కాసేపటికే ఊరంతా పలచటి అట్లు పోసుకుని
కాఫీలు తాగుతుంది.

పాస్టరు ఎయివిందూర్ ఏటా అదే చెబుతాడు:
"కనబడకపోయినా సూర్యుడున్నాడని నమ్మలేదూ మనం?"
వెనక బల్ల మీద నేనూ ఏటా అదే గొణుక్కుంటాను:
సూర్యుడికి పంచాంగం ఉందయ్యా,
మీ ఆయనకు లేదు.

నేను స్టెయిన్‌వోర్‌ని. ముప్పై ఒక్కేళ్లుగా పురుళ్లు పోస్తున్నాను.
మా భాషలో మంత్రసానిని వెలుగు తల్లి అంటారు.
మాట బాగానే ఉంటుంది. పనిలో మాత్రం
మోచేతుల దాకా నెత్తురు.

ఆయన మంచివాడంటే నాకు పేచీ లేదు.
ఎవరూ ముట్టని వాళ్లను ముట్టుకున్నాడు,
రాళ్లెత్తిన చేతుల్ని దింపించాడు,
అన్నమాట మీదే ఉండి చచ్చిపోయాడు.
అలాంటి మనిషికి మా వంటింట్లో ఎప్పుడూ ఓ కుర్చీ ఉంటుంది.
పేచీ అంతా ఆ తరవాతి మాటతోనే.

దేవుడు ఉమ్మనీటిలో తలకిందులుగా వేలాడాడా?
బొడ్డుతాడు మెడకు చుట్టుకుంటే
ఆయనకీ ఊపిరాడదా?
మాయ పడేదాకా ఆ పిల్ల పళ్లు బిగించి
ఎవరి మణికట్టు పట్టుకుంది?
రాసినవాళ్లు గొర్రెల కాపర్లను మర్చిపోలేదు గానీ
మంత్రసాని ఊసే ఎత్తలేదు.

విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు
తండ్రి దగ్గర నా గొంతు కలుస్తుంది,
కుమారుడి దగ్గర ఆగుతుంది.
దగ్గొచ్చినట్టు రుమాలు తీస్తాను.
పంతొమ్మిదేళ్లుగా ఊరంతా నాకు ఉబ్బసమనుకుంటోంది.

ఇప్పుడు స్వాన్‌లోయిగ్ తన పాపకు
నన్ను జ్ఞానతల్లిగా ఉండమంది.
రేపే. తొట్టి పక్కన, అందరి ముందూ.
రుమాలు చాటున కుదరదు.

నిద్ర పట్టక అట్ల పిండి కలిపాను. మళ్లీ కలిపాను.
పిండిలో ఉండలా తేలింది
ఆ పాత ఫిబ్రవరి రాత్రి.
దారులు మూసుకుపోతే మంచు ట్రాక్టరు మీద వెళ్లాను.
బిడ్డ వచ్చాడు గానీ ఏడవలేదు.
నలభై నిమిషాలు నా నోటితో ఊపిరూదాను.
తరవాత గొర్రెల కొట్టం వెనక్కి పోయి
మంచులోకి అరిచాను:
"నువ్వూ చచ్చావుగా! నీకు తెలుసుగా ఇదెలా ఉంటుందో!"

ఎవర్ని?
ఎప్పుడో పోయిన మంచి బోధకుణ్ణి
తెల్లవారుజామున మూడింటికి ఎవరూ తిట్టరు.
తిట్టడానికైనా అవతల ఒకరుండాలి.

ఇది రుజువు కాదు, తెలుసు.
నొప్పుల్లో ఆడవాళ్లు ఎవరెవర్నో పిలుస్తారు,
పోయిన అమ్మల్ని, పారిపోయిన మొగుళ్లని.
పిలిచినంత మాత్రాన వస్తారా?

పాస్టరు వాదన, మా అమ్మ అలవాటు, నా చదువు
మంచం చుట్టూ చేరి
"ఊఁ, ముక్కవమ్మా" అంటున్నాయి.
నేనూ ఎన్ని వందలమందికో అదే చెప్పాను.
నడుము నిమిరాను, చెమట తుడిచాను,
ఒక్కరి బదులైనా ముక్కలేకపోయాను.
"నమ్ముతున్నాను" అన్న మాటలో
ఆ చివరి "ను" నాకు ఎవరూ కని ఇవ్వరు.

తెల్లారింది. చర్చిలో చలి.
పాపను నా చేతుల్లో పెట్టారు, పాల వాసన.
ప్రమాణం మొదలైంది. తండ్రి అయిపోయాడు.
రుమాలు ఇంట్లోనే వదిలి వచ్చాను, తెలిసే.

గొంతు జీరపోయింది. మాట వచ్చింది.
సగమో, మొత్తమో
పక్కనున్న స్వాన్‌లోయిగ్‌ని అడగాలి.
ఆమె పాప టోపీ సర్దుకుంటోంది.

పాస్టరు నీళ్లలో చెయ్యి పెట్టబోయాడు.
"ఆగండి" అన్నాను.
అలవాటు కొద్దీ చొక్కా చెయ్యి పైకి లాగి
మోచెయ్యి ముంచి చూశాను.
"చల్లగా ఉన్నాయి. కాస్త వేడినీళ్లు తెప్పించండి."

అందరూ నవ్వారు.
బయట మబ్బు. పంచాంగం ప్రకారం
సూర్యుడొచ్చే ఉంటాడు, ఎవరూ చూళ్లేదు.
వేడినీళ్లు ఇంకా రాలేదు.