ఎడమ భుజం, అరంగుళం

తెనాలి నుంచి శిల్పి వచ్చాడు
లాలాపేటలో నా కొట్టు వెతుక్కుంటూ.
"శౌరి విగ్రహం చేస్తున్నాం మాస్టారూ,
కొలతలు మీ దగ్గరున్నాయట."

ఉన్నాయి.
పాత పుస్తకాలన్నీ మిషను కింద అట్టపెట్టెలో,
చెద తిన్నంత తిని
వదిలేసినవి.

మొదటి పేజీలో ఛాతీ ముప్పైనాలుగు.
మిర్చి యార్డులో బస్తాలెత్తే రోజులు.
వాడు గుమ్మం ఎక్కితే కొట్లో అందరికీ తుమ్ములు,
వాణ్ణి కొలిచిన టేపు మెడలో వేసుకుంటే
సాయంత్రందాకా మంట.
సెలక్షన్‌కి ప్యాంటు కావాలన్నాడు.
పక్కన రాసుంది: బాకీ ఇరవై.
కొట్టేయడం మర్చిపోయాను.

రెండేళ్లకి ఛాతీ నలభై.
టోపీ తెచ్చి చూపించాడు.
"ఎరుపు కాదు బాబాయ్, మెరూన్ అనాలి."
ఎండు మిరపకాయ రంగేరా, అన్నాను.
ఎక్కడ పని అంటే
"బాగా చలిగా ఉండే చోట."
ఆపైన మాటకి గుండీ పెట్టేశాడు.

పెళ్లి కోటుకి కొలుస్తుంటే దొరికింది,
ఎడమ భుజం అరంగుళం కిందికి.
చెయ్యెత్తమంటే సగంలో ఆగింది.
ఏమైందిరా?
"బస్తా మోశా బాబాయ్. మనిషంత బస్తా.
రాత్రంతా, మంచులో."
బతికాడా?
"కోటు ఆదివారానికి కావాలి," అన్నాడు.

లోపల రెండు పొరల దూది పెట్టి కుట్టాను.
ఫిరంగిపురం చర్చిలో ఎవ్వరూ కనిపెట్టలేదు,
లూర్దు తప్ప.

ఆ తర్వాత పేజీలు లేవు.
పెట్టె వచ్చింది.
దాని కొలత నన్నెవరూ అడగలేదు.
తలుపు ముందు నేను తోస్తానన్నాడట,
వెనకున్న నలుగురూ బతికారు.
వాళ్లలో ఒకడు, మీసం సరిగా రాని గఢ్వాలీ పిల్లాడు,
ఈ స్టూలు మీదే కూర్చున్నాడు.
వాడి హిందీ నాకు సగమే తెలిసింది.
మిగతా సగం మాటలు కావు.

ఢిల్లీకి లూర్దు తెల్ల జాకెట్టు నేనే కుట్టాను.
పేపర్లో ఫోటో చూసి ఊరంతా పతకం గురించే.
నాకు చంక దగ్గర ముడత కనిపించింది.
చేతుల వణుకు
ముందు గుడ్డకి తెలుస్తుంది.

శిల్పి అన్నీ రాసుకున్నాడు, మెడ, నడుం, ఛాతీ.
భుజం దగ్గర పెన్ను ఆపాడు.
"కమిటీ ఒప్పుకోదు మాస్టారూ.
వీరుడి భుజాలు సమంగా ఉండాలి."
మరి ఆ కుర్రాణ్ణి ఎక్కడ మోయిస్తావయ్యా?
టీ సగం వదిలేసి వెళ్లాడు.

ఆర్నెల్లయింది.
మలుపులో దిమ్మె మీద
పరదా కప్పి ఉంది, రేపు తీస్తారట.
కొట్టు కట్టేసి వస్తూ సైకిలాపి
చీకట్లో చూపుతోనే టేపు వేశాను.
ఎడమవైపు గుడ్డ
కొంచెం కిందికి జారినట్టే ఉంది.

గాలేమో.