బూట్లున్న అక్షరాలు

తంగసాల వీధి సందులో, చెక్క అచ్చుల అరలో
ఇంగ్లీషు అక్షరాలన్నీ బూట్లు తొడుక్కుని నిలబడ్డాయి.
ఒక్కొక్క మడమా ఇటుకంత.
సర్కసుకీ, సబ్బుకీ, తప్పిపోయిన ఆవుకీ
గోడలెక్కి అరిచినవి ఇవే.

"పరిగెత్తే బస్సులోంచి చదవాలమ్మా,
అందుకే ఆ లావు."
దొరసామి నాయుడు పంచె కొంగుతో
హెచ్ మోకాలు తుడుస్తున్నాడు.

మన 'ర'కి అలాంటి పాదాలు గీయాలని
నెల్లాళ్ళుగా నా తంటా.
పెట్టిన ప్రతిసారీ
దొర్లిపోయింది.

కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
నా కాగితం చాలాసేపు చూశాడు.
సిరా వేలు పైకి జరిగి ఆగింది:
"కాళ్ళు వదిలెయ్.
బరువంతా తలకట్టులో పెట్టు."

సందు మొగలో
బియ్యం బస్తా ఒకటి
ఎవరి తలపాగా మీదో కూర్చుని
జనాన్ని తప్పుకోమంటూ వెళ్తోంది.