నలభై ఒకటో ఉత్తర్వు

సరీకుమ్‌లో సముద్రం పోయిన ఎనభై ఏళ్ళకు
ఒక ప్రభుత్వం వచ్చింది.
నూట పదమూడు రోజులుంది.
బడి పుస్తకంలో ఇప్పుడు దానికి ఒకటిన్నర వాక్యం,
ఆ అర వాక్యంలోనూ ‘గందరగోళం’ అన్న మాటుంది.

నేను గెజిట్ అచ్చాఫీసులో అక్షరాలు కూర్చేదాన్ని.
ఆకాశం మండిన ఏడు తెరలన్నీ చచ్చిపోయాక
మాకు మళ్ళీ సీసపు అక్షరాలే దిక్కయ్యాయి.

ప్రధాని ఉల్పన్ ఎసెన్
ఒకప్పుడు ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చూసిన మనిషి.
ఏ గడపలో ఎన్ని గొంతులున్నాయో ఆమెకు నోటి లెక్క.
ప్రమాణం చేస్తూ తడబడి
‘దేశపు నీళ్ళు’ అనాల్సిన చోట ‘దేశపు పిల్లలు’ అంది.
ఎవరూ సరిదిద్దలేదు.

అంతకు ముందు మంత్రులు నీళ్ళు నమిలేవారు.
మా దేశంలో పుష్కలంగా దొరికిన నీళ్ళు అవే.
ఈవిడ ఉత్తర్వులు మాత్రం పొట్టివి,
ఒక్కోటి కూర్చడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టేది కాదు.

ఏడోది: నీటి అప్పు తండ్రి నుంచి బిడ్డకు దిగదు.
పన్నెండోది: ఖైదీల పేర్లు రోజూ సాయంత్రం రేడియోలో చదవాలి,
చదివేటప్పుడు వెనక సంగీతం ఉండకూడదు.
ఇరవై ఆరోది ఉప్పు పన్ను గురించి. నాకిప్పటికీ అర్థం కాలేదు,
మూడుసార్లు తప్పు కూర్చాను.
నలభై ఒకటోది:
నీళ్ళ కోసం వరుస కట్టే ప్రతి చోటా
కూర్చోడానికి బెంచీ వేయాలి.

మా ఫోర్‌మన్ జోల్దస్‌బెక్ పగలబడి నవ్వాడు.
‘సముద్రం తెస్తామని వచ్చి చెక్కముక్క ఇస్తున్నారా!’
వారం తిరిగాక వాళ్ళమ్మ మోకాళ్ళ గురించి
ఏదో చెప్పబోయి, ఆపేసి,
ప్రూఫులు తెమ్మని అరిచాడు.

తప్పులు చేయలేదా? చేశారు.
గోధుమ ధర కట్టేసి గోధుమే కనబడకుండా చేశారు.
న్యాయమంత్రి సెయిత్‌మురాత్ రైల్వే సమ్మె నాడు
నాలుగు గంటలు అద్భుతంగా మాట్లాడాడు.
ఒక్క బండీ కదల్లేదు.
మూన్నాళ్ళ ముచ్చటే, ఆశకు నీళ్ళొదిలేయ్ అన్నాడు మా ఆయన.
ఏ నీళ్ళు? అన్నాను.
ఆ రాత్రి మా మధ్య మాటల్లేవు.

నూట పదమూడో రాత్రి ఉప్పుగాలి లేచింది.
ట్యాంకులు రాలేదు. ఒక్క తూటా పేలలేదు.
సభలో ఎనిమిది మంది లేచి
అటు వైపు బెంచీల నుంచి ఇటు వైపు బెంచీలకు నడిచారు,
అంతే.
ఉల్పన్ తన పాత టార్చిలైటొక్కటీ పట్టుకుని
వెనక మెట్ల మీదుగా వెళ్ళిపోయిందట.
చూశానన్న వాళ్ళు పదిమంది,
ఎటు వెళ్ళిందో చెప్పినవాడు లేడు.

అర్ధరాత్రి రద్దు జాబితా నా బల్ల మీదికొచ్చింది.
అరవై మూడు అంకెలు, తెల్లారేలోగా అచ్చవ్వాలి.
ముప్పై తొమ్మిది. నలభై. నలభై రెండు.

గడిలో నాలుగు అంకె సీసాలు తక్కువ పడ్డాయన్నది నిజం.
వెతికితే ఇంకోటి దొరికేదన్నదీ నిజం.
దాన్ని ధైర్యమని ఎవరైనా అంటే నేనొప్పుకోను.
కళ్ళు మండుతున్నాయి. దీపం కొడిగట్టింది.
ఎవరూ లెక్కపెట్టలేదు.

పద్నాలుగేళ్ళు. నాలుగు ప్రభుత్వాలు.
బెంచీల మీది అంకె గీకేశారు గానీ
బెంచీ తీయాలంటే ఉత్తర్వు రద్దు చేయాలి,
రద్దు చేయాలంటే
అది ఇన్నాళ్ళూ బతికే ఉందని ఒప్పుకోవాలి.

నిన్న పదహారో కుళాయి దగ్గర
డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఒక పిల్ల అడిగింది,
‘ఇది ఎవరు వేశారు?’
‘వేయడమేంటి, ఎప్పుడూ ఉన్నదేగా’ అంది వాళ్ళ నాయనమ్మ
నిలబడే.

నేను సరిదిద్దలేదు.
కాస్త జరిగి చోటిచ్చాను.