ఎర్ర చుక్క ఉన్న గడి

తొమ్మిదిన్నర.
అడ్డ మీద ఇంక ఎవలూ పిలవరని
ఖాయమైనంక
కుర్మమ్మ నా దుకాణానికొచ్చింది.
సద్ది గిన్నె మూత తియ్యలే.
కొంగు ముడిల ఆధార్ కార్డు, రెండు ఫొటోలు,
ఎవలో చెప్పిన మాట ఒకటి:
"కార్డుంటే, కింద పడితే పైసలొస్తయంట."

పోయినేడు కాశమ్మ పరంజి మీంచి పడ్డది.
అడ్డ మీద తలా యాభై ఏసి
ఆటో మాట్లాడిన్రు.
పైసలు దవాఖాన దాంక వచ్చినయి,
లోపలికి రాలే.

కూసో అన్న.
కుర్చీ ఉండంగ గడప మీద కూసుంది,
కుర్చీకి సిమెంటు అంటుతదని.

పేరు కొట్టిన. ఊరు కొట్టిన.
పుట్టిన తారీకు ఆధార్ ఏది చెప్తే అదే కొట్టిన.
తర్వాత గడి:
యజమాని పేరు.
పక్కన ఎర్ర చుక్క.
నింపకుంటే ముందుకు పోనియ్యదు.

"ఏ యజమాని, కొడుకా?
సోమారం మెట్టుగడ్డ టీచరు సారు,
పిట్టగోడ కట్టిపిచ్చుకున్నడు.
చాయ్ మంచిగనే పోసిండు, పేరడగలే.
మంగళారం ఏనుగొండల
దీపాలు పెట్టేదాంక కంకర మోపిచ్చి
యాభై కోసుకున్నడొకడు, ఆడమనిషివని.
బుధారం ఎవలూ పిలవలే.
బుధారానికి ఎవర్ని రాస్తవు?
పద్మావతి కాలనీల మూడంతస్తులామె
బాత్రూంకు పోనియ్యలే.
ఆ బాత్రూంకు టైల్సు మోసింది నేనే.
పొద్దుగూకేదాంక నీళ్ళు తాగకుంట ఉన్న.
ఆమెనైతే రాయకు."

గడి బెత్తెడు గూడ లేదు.

తొంభై దినాలు పని చేసినట్టు
ఒక సంతకం కావాలె అన్న.
"పందొమ్మిదేండ్లు చేసిన" అన్నది.
పందొమ్మిదేండ్లకు ఆ పేజీల జాగ లేదు.

మేస్త్రి నంబరిచ్చింది. స్పీకర్ల పెట్టి చేసిన.
"ఏ కుర్మమ్మ? నా కాడ నలుగురున్నరు.
పడ్డదా ఏంది?"
పడలేదన్న.
"మరి కార్డెందుకు?"
పెట్టేసిండు.

ఆమె విననట్టే
తలెత్తి నా కప్పు దిక్కు చూసింది.
"ఆ మూలకు నీళ్ళు కారుతయా?"

కారుతయి.
రెండు వానకాలాల సంది
జిరాక్స్ మిషిను మీద బరకం కప్పుతున్న.

"స్లాబేసిన నాడే చెప్పిన.
ఈ మూలకొచ్చేసరికి మాలు పల్చనయింది,
ఇంకో బస్త పడాలె అని.
'నువ్వు మోసేదానివి, మోయి' అన్నడు."

ఇన్నేండ్లు ఆ మరక కింద కూసోని
వానను తిట్టిన నేను.

పైనున్న చూపు నా మీదికి దిగింది.
"నిన్నెవలు పెట్టుకున్నరు ఈడ?"
ఓనరు హైదరాబాద్ల ఉంటడన్న.
"పేరు?"

పేరు...
నెలకోసారి ఒక పిల్లగాడొచ్చి లెక్క చూస్కపోతడు.
ఫారానికి పన్నెండు రూపాయలు నాకు.
కరెంటు పోతే సున్న.
సర్వరు పండుకుంటే నా ఇంట్ల పొయ్యీ పండుకున్నట్టే.
మొన్న జరమొచ్చిన మూడు దినాలు
నేనూ ఎవలకూ బుధారాన్నే.
ఇవేవీ నోట్లకెల్లి రాలే.
"తెల్వదు చిన్నమ్మా" అన్న, అంతే.

నవ్వుతదనుకున్న. నవ్వలే.
గడప మీంచి లేచింది.
కుర్చీని నా బల్ల దగ్గరికి గుంజుకోని,
ఈసారి కొంగుతోటి తుడవకుంట
నిండుగ కూసుంది.

"అయితే ఇద్దరిదీ ఒక్కసారే రాయి.
నాది కాకుంటే నీది ఎట్లయితది,
నీది కాకుంటే నాది ఎట్లయితది, అడుగుదాం."

ఎవర్ని అడగాల్నో ఆమెకు తెల్వదు.
నాకు తెల్వాలె, నేను పదో తరగతి పాసయిన.
కలెక్టరాఫీసు మెట్లు ఎన్నో గూడ తెలుసు నాకు,
పోయిన ఎండకాలం ఆ మెట్లకు
మాలు మోసిందెవలో అడగలే.

సద్ది గిన్నె మూత తీసి
కీబోర్డు పక్కన పెట్టింది.
పచ్చి పులుసు వాసన.
తెర మీద, ఆ గడిల,
సన్న గీత ఒకటి
కొట్టుకుంటనే ఉన్నది.